కృత్రిమ కార్నియా, అతినీలలోహిత కాంతి

మంచు కొండలెక్కినవారికీ, ఆర్క్ దీపాల దగ్గర పనిచేసినవారికీ కళ్ళలో ఇసుక పోసినట్టు మంట పుట్టి, వెలుతురు చూడలేకపోవడం పందొమ్మిదో శతాబ్దపు వైద్యులు ఎరిగినదే. ఆ బాధకు మూలం కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలని 1889లో ప్రయోగపూర్వకంగా చూపినవాడు స్వీడన్ నేత్రవైద్యుడు యోహాన్ విడ్‌మార్క్.

కనిపించే కాంతికి గాజులా దారి ఇచ్చే కార్నియా, 300 నానోమీటర్ల లోపు కిరణాలలో అత్యధిక భాగాన్ని తనలోనే ఇముడ్చుకుంటుంది. అయితే ఈ పనిని పొరలన్నీ సమానంగా పంచుకోవు. మందంలో పదోవంతు మాత్రమే ఉండే పై కణపొర, తనలోని ప్రోటీన్లు, విటమిన్ సి కారణంగా, తన మందానికి మించిన భారం మోస్తుంది. దాని కింద ఉన్న దళసరి భాగం ప్రధానంగా కొల్లాజెన్. ఈ కిరణాలను బలంగా పీల్చుకునే ట్రిప్టోఫాన్ కొల్లాజెన్‌లో లేదు.

1905లో ఓలొమోట్స్ పట్టణంలో ఎడ్వార్డ్ జిర్మ్ తొలిసారి విజయవంతంగా కార్నియా మార్పిడి చేసినప్పుడు ఈ చిక్కు లేదు. అతికించినది మనిషి కార్నియానే. కొల్లాజెన్‌తో కార్నియాను తయారుచేయబూనినప్పుడే, పారదర్శకత ఒక్కటే చాలదన్న సంగతి ముందుకు వచ్చింది. 2010లో పెర్ ఫాగర్‌హోమ్, మే గ్రిఫిత్ బృందం స్వీడన్‌లో పదిమందికి అమర్చిన కొల్లాజెన్ కార్నియాల మీద రోగుల సొంత కణాలే పాకి పొరగా ఏర్పడ్డాయి. వడపోత పని మళ్ళీ మొదలైందంటే ఆ ఘనతలో పెద్దపాలు ఆ కణాలదే.

ఈలోగా డ్రెస్డెన్‌లో కథ మరో మలుపు తిరిగింది. శంఖువులా ముందుకు పొడుచుకువచ్చే బలహీన కార్నియాకు రైబోఫ్లేవిన్ పట్టించి, 370 నానోమీటర్ల కిరణాలను అరగంటసేపు ప్రసరింపజేసి కొల్లాజెన్ పోగుల మధ్య కొత్త బంధాలు వేయవచ్చునని వోలెన్‌సాక్, స్పోర్ల్, సైలర్ 2003లో ప్రకటించారు. ఆ విటమినే కిరణాలను పీల్చుకుని లోపలి కణాలను కాపాడుతుంది కూడా. అందుకే కార్నియా కనీసం 400 మైక్రాన్ల మందం ఉండాలన్న నియమం పెట్టుకున్నారు.

2022లో లిన్‌షాపింగ్ విశ్వవిద్యాలయపు మెహర్దాద్ రఫత్, నీల్ లగాలి బృందం పంది చర్మపు కొల్లాజెన్‌ను రసాయనంతో ఒకసారి, రైబోఫ్లేవిన్-అతినీలలోహిత కాంతితో మరొకసారి గట్టిపరచింది. ఇరాన్, భారతదేశాలలో ఇరవైమందికి దానిని అమర్చారు. వారిలో అంతకుముందు అంధులైన పద్నాలుగుగురికీ చూపు వచ్చింది. ఆ ఏడాదే హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్రసంస్థ, ఐఐటీ, సీసీఎంబీ కలిసి మానవ కార్నియా నుంచి తీసిన పదార్థంతో త్రీడీ ముద్రణ చేసి కుందేలు కంటికి అమర్చాయి. దానిని పత్రికలు మనుషుల వైద్యమే సిద్ధమైనట్టు రాయడం తొందరపాటు.

లిన్‌షాపింగ్ పద్ధతిలో రోగి కార్నియాను తొలగించరు. అందులో చిన్న అరలాంటి సందు చేసి కొత్త పదార్థాన్ని లోపల ఉంచుతారు. అందువల్ల కిరణాలను మొదట ఎదుర్కొనే పై కణపొర రోగిదే, ఉన్నచోటే ఉంటుంది.