వాయిదాల్లో వైద్యం

విశాఖలో గంజాయి కథ నిన్నమొన్నటి చెక్‌పోస్టు సోదాలతో మొదలైంది కాదు. గంజాయి మనుషులకు మతి పోగొడుతోందా, నేరాలకు ఉసిగొల్పుతోందా అని తేల్చడానికి బ్రిటిష్ ప్రభుత్వం 1893లో ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ వేసింది. అప్పటి మద్రాసు రాజధానిలోని పిచ్చాసుపత్రుల్లో విశాఖపట్నానిది ఒకటి. ఆసుపత్రుల రిజిస్టర్లు తిరగేసిన కమిషన్‌కు ఒక చిత్రమైన సంగతి బయటపడింది. రోగి వెంట వచ్చే కాగితంలో ‘జబ్బుకు కారణం’ అని ఒక గడి ఉండేది. దాన్ని నింపే పని పోలీసులది, మేజిస్ట్రేటుది. అక్కడ గంజాయి అని రాసి ఉంటే, ఆసుపత్రి రిజిస్టర్లోకీ చాలాసార్లు అదే ఎక్కేది. ఆ కేసులను మళ్లీ కూపీ లాగితే వాటిలో చాలావాటికి ఆధారం నిలవలేదు. మితంగా వాడితే పెద్ద హాని లేదనీ, పూర్తి నిషేధం వద్దనీ కమిషన్ తేల్చింది. ఆ మాట ఇవాళ యథాతథంగా ఒప్పుకోనక్కర్లేదు. కానీ ఠాణా ఒక మనిషి గురించి రాసేదానికీ, వైద్యుడు అతనిలో కనిపెట్టేదానికీ మధ్య ఎంత ఎడం ఉందో ఆ నివేదిక పట్టి చూపింది. ఆ ఎడాన్ని పూడ్చాలన్న ప్రయత్నమే, వ్యసనపరుణ్ణి జైలుకు బదులు జడ్జి కనిపెట్టి ఉండగా చికిత్సకు పంపే చికిత్స కోర్టు.

దాని విత్తనం మన చట్టంలోనే ఉంది. మత్తుమందులపై 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందానికి కట్టుబడి 1985లో తెచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం శిక్షలకే పేరు మోసింది. అయినా వ్యసనపరుడి కోసం అందులో రెండు తలుపులు తెరిచి పెట్టారు. మత్తుమందు వాడినందుకో, చిన్న పరిమాణంలో దగ్గర ఉంచుకున్నందుకో కేసు పడినవాడు తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్స పూర్తి చేసుకుంటే, 64ఏ సెక్షన్ కింద ప్రాసిక్యూషన్ తప్పుతుంది. దోషిగా తేలినవాడిని కూడా జైలుకు బదులు, అతని సమ్మతితో చికిత్సకు పంపవచ్చని 39వ సెక్షన్ చెబుతోంది. అలా వెళ్లినవాడు ఏడాది మించకుండా కోర్టుకు వచ్చి చికిత్స ఫలితంపై నివేదిక ఇవ్వాలి. లోపమంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. మానేసిన మనిషి మొదటి నెలల్లోనే జారిపడతాడు. ఏడాది నాటికి కాగితం వస్తే జడ్జికి తెలిసేది ముగిసిన కథే.

అమెరికాలోని మయామి నగరం కనిపెట్టింది ఈ తొలి నెలల విలువనే. 1980లలో క్రాక్ కొకెయిన్ ఆ ఊరిని ముంచెత్తింది. జైళ్లు నిండాయి, వదిలినవాళ్లే మళ్లీ బోనెక్కేవారు. 1989లో ప్రధాన జడ్జి జెరాల్డ్ వెథరింగ్టన్, అప్పటి స్టేట్ అటార్నీ జానెట్ రెనో వంటివారు పూనుకుని డ్రగ్ కోర్టు పేరుతో చికిత్స కోర్టు పెట్టారు. దాని తొలి జడ్జి స్టాన్లీ గోల్డ్‌స్టీన్. మొదట్లో చెవులకు ఆక్యుపంక్చర్ సూదులు కూడా గుచ్చేవారు. అది ఎంత పనిచేసిందన్నది వేరే ముచ్చట. అసలు కొత్తదనం విచారణ తీరులో ఉంది. మూత్రపరీక్ష ఫలితం, కౌన్సెలర్ మాట ముందు పెట్టుకుని, జడ్జి ఆ మనిషితోనే నేరుగా మాట్లాడతాడు: చికిత్సకు ఎందుకు రాలేదు, పని దొరికిందా, ఇంట్లో ఎలా ఉంది? నిలబడినవాడికి అందరి ముందూ మెచ్చుకోలు, తప్పినవాడికి వెంటనే చిన్న శిక్ష, రెండు వారాలు తిరక్కుండా మళ్లీ వాయిదా. చివరిదాకా నిలిస్తే కేసు కొట్టేస్తారు. పెద్దల డ్రగ్ కోర్టులపై వచ్చిన 92 మదింపులను కలిపి చూసిన 2012 నాటి పరిశీలనలో, మళ్లీ నేరం చేసేవారు నూటికి 50 నుంచి 38కి తగ్గారని తేలింది. పిల్లల కోర్టుల్లో మాత్రం అంత ఫలితం లేదు. దాన్ని దాచిపెట్టి వాదించడం కుదరదు.

విశాఖలో ఇదెక్కడ పొసగుతుందని అడిగేవారి మాటలో పస ఉంది. ఇక్కడి కేసుల్లో బరువైనవి రవాణావి. మన్యంలో పండిన శీలావతి రకం గంజాయి నర్సీపట్నం మీదుగా దిగి తమిళనాడుకో, మహారాష్ట్రకో పోతుంటుంది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు తగలబెట్టిన సరుకే దాదాపు 2 లక్షల కిలోలు. 20 కిలోలకు మించి పట్టుబడితే పదేళ్లకు తక్కువ కాని శిక్ష. అలాంటివారికి చికిత్స కోర్టు వద్దు, ఎవరూ అడగడమూ లేదు. అడిగేది కిలో లోపు ప్యాకెట్‌తో దొరికే కుర్రాడి కోసం, మత్తు ఖర్చుకు సెల్‌ఫోను కొట్టేసేవాడి కోసం, అన్నిటికన్నా ఎక్కువగా తాగుడు మనిషి కోసం. తాగి బండి నడిపినవాళ్ల చేత బీచ్ ఊడ్పించమని 2023లో విశాఖ కోర్టు ఒకటి ఆదేశిస్తే అందరూ మెచ్చుకున్నారు. భారతీయ న్యాయ సంహిత సమాజ సేవను ఏకంగా శిక్షల జాబితాలోనే చేర్చింది. మంచిదే. కానీ చీపురు పట్టినవాళ్లలో సరదాకు తాగినవాడెవరో, పొద్దున్నే చేతులు వణికేవాడెవరో ఎవరు అడిగారు? మొదటివాడికి ఆ సిగ్గు చాలు. రెండోవాడు సాయంత్రానికి మళ్లీ తాగుతాడు.

నేరం చేసినవాణ్ణి బుజ్జగించడమేమిటనే కోపం సహజం. అయితే జరిమానా కట్టి వెళ్లిపోవడమే సులువు. నెలల తరబడి పరీక్షలకు నిలబడి జడ్జి కళ్లలోకి చూడటం కష్టం. బలవంతపు వైద్యం నిలవదనే అభ్యంతరం ఇంకాస్త లోతైనది. అమెరికాలోనే, చికిత్సలో తప్పినవాళ్లకు మామూలు దారిలో పడేదానికన్నా ఎక్కువ జైలు పడుతోందని విమర్శ వచ్చింది. కాబట్టి తప్పితే పడే శిక్ష అసలు శిక్షను మించకూడదని ముందే రాసి ఉండాలి. ఎప్పుడో ఒకసారి పీల్చినవాడిని చికిత్సలోకి నెట్టకూడదు కూడా. వ్యసనమో కాదో తేల్చాల్సింది వైద్యుడు, ఎస్ఐ కాదు.

నన్ను నిజంగా తటపటాయింపజేసేది వైద్యుల కొరత. ఎయిమ్స్ 2019లో వెల్లడించిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మంచాలు లేనిచోట కోర్టు పంపినవాడు ముందు వరుసలో నిలబడితే, నేరం చేయకుండా తనంతట తాను వచ్చినవాడు వెనక్కిపోతాడు. అందుకే చిన్నగా మొదలుపెట్టాలి. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి వైద్యులకు వారానికి ఒక పూట కోర్టులో కేటాయిస్తే ఆరంభానికి సరిపోతుంది. బాలల న్యాయమండలిలో మేజిస్ట్రేటు పక్కన ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చోవడం మనకు ఎప్పుడో అలవాటైంది, ఇక్కడా ఆ పద్ధతి చెల్లుతుంది. డబ్బుకు వస్తే, మత్తు నియంత్రణ కోసం జాతీయ నిధి ఒకటి ఉండాలనీ, దాన్ని వ్యసనపరుల చికిత్సకూ వాడవచ్చనీ ఎన్‌డీపీఎస్ చట్టంలోనే ఉంది. ఇక వాయిదా వేళ. రేవులో లారీ తోలేవాడికీ, ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు కార్మికుడికీ కోర్టుకు రావడమంటే ఆ రోజు కూలి పోవడమే. రెండు వారాలకోసారి కూలి పోగొట్టుకునేవాడు మూడో వాయిదాకు రాడు. కాబట్టి ఈ కోర్టు పదిన్నరకు కాక, షిఫ్టు దిగినవాడు అందుకోగలిగేలా సాయంత్రం ఆరుకు కూర్చోవాలి.