పట్టా లేని గోండు

ఆదిలాబాద్ గోండుల చరిత్రను చాలామంది చాందా గోండు రాజుల కోటలతో మొదలుపెడతారు. కోటలు కూలినా గోండు గోండుగానే నిలిచాడు. చేను చేజారినప్పుడే అతని ఊరూ, కొలుపులూ, కథలూ కదిలిపోయాయి.

ఉట్నూరు, ఆసిఫాబాద్ కొండల్లో గోండులు నాగలి పట్టిన రైతులు. జొన్న ప్రధాన పంట, దానితో వండిన గట్క రోజువారీ తిండి. నేల సారం తగ్గితే ఆ చేను బీడు పెట్టి పక్క నేల దున్నుకునేవారు. అడవి విస్తారం, జనం తక్కువ కనుక హద్దురాళ్లతో పని పడలేదు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగలుగా, అంటే వంశశాఖలుగా, ఉన్న ఈ సమాజపు వంశగాథలను ప్రధానులనే పాటగాళ్లు కిక్రీ అనే తీగవాయిద్యం వాయిస్తూ పాడేవారు. అందుకు గోండు రైతు ధాన్యమో పశువో ఇచ్చుకునేవాడు. పంట ఎండిన ఏడు పాటగాడికీ పస్తే.

కేస్లాపూర్‌లో నాగదేవత నాగోబా జాతర చూసినవారికి, ఒకరిపై ఒకరు ఆధారపడిన ఈ అల్లిక బాగా తెలుస్తుంది. పుష్య అమావాస్య పూజకు గోండుల్లోని మెస్రం వంశీయులు కాలినడకన హస్తినమడుగు దాకా వెళ్లి గోదావరి జలం తెస్తారు. పూజకుండలు మాత్రం సిరికొండ కుమ్మరులు చేసివ్వాల్సిందే. కేస్లాపూర్ చేరాక మర్రిచెట్ల కింద విడిది చేస్తారు. కొత్త కోడళ్లను నాగోబా ముందు భేటీ చేయించాకే వంశంలో కలుపుకుంటారు.

ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో నిజాం అటవీ శాఖ రిజర్వు గీతలు గీసింది. బీడు పెట్టిన చేలు అడవి లెక్కలోకి పోయాయి, పశువుల మేతకూ రుసుం కట్టాల్సి వచ్చింది. అదే కాలంలో మైదానాల రైతులు, షావుకార్లు వచ్చి పట్టాలు రాయించుకున్నారు. కచేరీ నడిచేది ఉర్దూలో. తరాలుగా దున్నినవాడికి తన చేను మరొకరి పేర ఎక్కిన సంగతి వెళ్లగొట్టే రోజున గానీ తెలిసేది కాదు. జోడేఘాట్ చుట్టుపక్కల ఊళ్ల కోసం నిలబడిన గోండు నాయకుడు కొమరం భీం 1940లో పోలీసు తూటాలకు బలయ్యాడు.

ఆ నెత్తురు చూశాకే సర్కారు కదిలింది. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ దంపతులు మార్లవాయిలో ఉండి గోండుల కష్టాలు నమోదు చేశారు. అక్కడ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం వెలిసింది, గోండీ వాచకాలు వచ్చాయి, నాగోబా జాతరలో గోండుల మొరలు వినే దర్బారు మొదలైంది. లక్షన్నర ఎకరాలకు పైగా పట్టాలిచ్చారు. గోండులకు రాజ్యం మేలు చేసిన కాలం ఏదంటే ఈ కొద్ది ఏళ్లనే చెబుతాను.

1956లో ఆదిలాబాద్ జిల్లాలోని రాజురా, కిన్వట్ తాలూకాలు నాటి బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లాయి. ఒకే వంశం రెండు రాష్ట్రాల పాలైంది. గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా 1959లో వచ్చిన నిబంధన తెలంగాణలో 1963లో గానీ అమల్లోకి రాలేదు. 1970 సవరణ దాన్ని బిగించింది. అప్పటికే ఎన్నో చేలు అప్పుల కింద పోయాయి. 1976 చట్టంతో తెలంగాణ లంబాడాలు షెడ్యూల్డ్ తెగల్లో చేరారు. మహారాష్ట్రలో వారికి ఆ హోదా లేకపోవడంతో అటునుంచి వలసలు పెరిగాయి. వచ్చినవారిలో పేదలే ఎక్కువ. పాలకులు భూమి పంచకుండా హోదా మాత్రం పంచడం వల్ల పేదలకూ పేదలకూ మధ్య పడిన తగువు ఇది, నేటికీ తీరలేదు.

1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం, గిట్టుబాటు ధర కోసం సభకు వచ్చినవారిపై పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం ఒప్పుకున్న మృతులు 13 మంది. హక్కుల సంఘాల లెక్క అంతకు ఎన్నో రెట్లు.

2006 అటవీ హక్కుల చట్టం కొందరి చేతికి హక్కుపత్రం ఇచ్చింది. ఆ పత్రం ఉన్న చేలలోనూ ఇవాళ జొన్న తగ్గి పత్తి పెరిగింది. విత్తనం, మందు అప్పు మీద వస్తాయి, పత్తి అప్పిచ్చినవాడి తూకానికి పోతుంది. అప్పు అక్కర్లేని సంపాదన ఇప్పపువ్వు. ఒకప్పుడు దానితో సారా కాస్తే ఆబ్కారీ కేసు పెట్టేవారు. ఇప్పుడు ఉట్నూరు ఆదివాసీ మహిళలు ఆ పువ్వుతో లడ్డూలు చేసి ఆశ్రమ పాఠశాలల పిల్లలకు అందిస్తున్నారు. ఆ పువ్వు ఏరుకునే చెట్లు మాత్రం చాలావరకు అటవీ శాఖ గీత లోపలే ఉన్నాయి.