తొనరిగుమి, రుకున్ తెతంగా

జపాన్‌లో తొనరిగుమి, ఇండోనేషియాలో రుకున్ తెతంగా అనేవి ఇరుగుపొరుగు ఇళ్లను ఒక జట్టుగా కట్టిన సంఘాలు. పక్కపక్కన ఉన్న కొన్ని కుటుంబాలు, వాటికి ఒక పెద్ద, అప్పుడప్పుడు సమావేశం, ఇంటింటికీ చేరే కబురు: రెండింటి స్వరూపమూ ఇదే. ఈ పోలిక కాకతాళీయం కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జావాను ఆక్రమించిన జపాన్ సైన్యం తన దేశపు పద్ధతిని అక్కడ ప్రవేశపెట్టింది. యుద్ధం ముగిశాక ఆ సంస్థ రెండు దేశాల్లోనూ మిగిలింది, కానీ రెండు వేర్వేరు దారులు పట్టింది. జపాన్, ఇండోనేషియా ప్రజల పాలననూ సమాజాన్నీ కలిపి అధ్యయనం చేయదలచినవారికి పార్లమెంటు చర్చల కంటే ఈ వీధి సంఘాలే ఎక్కువ నేర్పుతాయి.

పుట్టుక

జపాన్‌లో తొకుగావా పాలకుల కాలంలో ఐదేసి ఇళ్లను కలిపి ‘గొనిన్‌గుమి’ అనేవారు. ఒక ఇంటివారు పన్ను ఎగవేసినా, నేరం చేసినా మిగిలిన నాలుగిళ్లూ బాధ్యత వహించాల్సి వచ్చేది. 1940 సెప్టెంబరులో జపాన్ హోంశాఖ తొనరిగుమిని దేశమంతటా తప్పనిసరి చేసినప్పుడు ఈ పాత జ్ఞాపకం దానికి ఆసరా అయింది. ఒక్కో జట్టులో పది, పదిహేను ఇళ్లు. వాటిపైన ‘చోనైకాయి’ అనే పేట సంఘం. బియ్యం, పంచదార రేషను, యుద్ధ బాండ్ల అమ్మకం, విమానదాడుల వేళ మంటలార్పడం, సైన్యానికి వెళ్లే కుర్రాళ్లకు వీడ్కోలు పలకడం అన్నీ దీని పనులే. సమాచారమంతా ‘కైరంబన్’ అనే పలక మీద ఒక ఇంటి నుంచి మరో ఇంటికి వెళ్లేది; చదివినవారు గుర్తు పెట్టి పక్కింటికి అందించేవారు. కార్టూనిస్టు ఒకమొతో ఇప్పేయి ఈ జట్టు మీద రాసిన హుషారు పాటను రేడియో ఊరూరా మోగించింది. ఆ హుషారు వెనుక పెద్ద ఒత్తిడి ఉంది. రేషను జట్టు ద్వారానే రావడంతో, పొరుగువారి దృష్టికి దూరంగా బతకడం ఎవరికీ సాధ్యపడలేదు.

1942 మార్చిలో డచ్చివారు లొంగిపోయాక జావా జపాన్ 16వ సైన్యం చేతికి వచ్చింది. 1944 జనవరిలో అక్కడ కూడా తొనరిగుమి మొదలైంది. పదీ ఇరవై ఇళ్లకు ఒక ‘కుమిచో’, అంటే జట్టు పెద్ద. ఈ కాలపు జావా పల్లెల మీద లోతైన పరిశోధన చేసిన జపాన్ చరిత్రకారిణి కురసావా ఐకో రచనల్లో దీని పనితీరు వివరంగా కనిపిస్తుంది. రైతుల నుంచి వడ్లు బలవంతంగా సేకరించడానికీ, ‘రోముషా’ అనే నిర్బంధ కూలీలను సమీకరించడానికీ, సైన్యం మాట గుడిసె గుడిసెకూ చేర్చడానికీ అదే సాధనం. అంతకుముందు డచ్చి పాలన గ్రామపెద్ద దగ్గర ఆగిపోయేది. జావా సామాన్యుడి ఇంటి లెక్క అతని వీధిలోనే రాయించే ఏర్పాటు దానికి లేదు. ఆ లోటును పూడ్చింది ఒక ఆక్రమణ సైన్యం. పైగా అది జావాలో ఉన్నది మూడున్నరేళ్లే.

రెండు దారులు

1947లో అమెరికన్ ఆక్రమణాధికారులు జపాన్‌లో ఈ సంఘాలను నిషేధించారు. నియంతృత్వానికి ఇవే వేళ్లని వారి అభిప్రాయం. నిషేధం ఉన్న ఆ ఐదేళ్లూ చాలాచోట్ల నేర నివారణ సంఘమనో, మరో పేరుతోనో పని సాగింది. 1952 తర్వాత చోనైకాయి తిరిగి బాహాటంగా తలెత్తింది. ఈసారి ఎవరి ఆజ్ఞా లేదు, చేరాలన్న చట్టమూ లేదు. 2005లో జపాన్ సుప్రీంకోర్టు సైతం నివాసుల సంఘం నుంచి సభ్యుడు తన ఇష్టప్రకారం తప్పుకోవచ్చని తీర్పు చెప్పింది. నేడు దేశంలో ఇలాంటి సంఘాలు దాదాపు 3 లక్షలు. చెత్త వేసే చోటును వంతులవారీగా శుభ్రం చేయడం, వేసవి బోన్ నాట్యాలు, భూకంప కసరత్తులు వీటి నిత్యకృత్యాలు. 1995 జనవరి 17న కోబె భూకంపం వచ్చినప్పుడు శిథిలాల నుంచి బయటపడ్డవారిలో ఎక్కువమందిని తీసింది ఇంటివారూ ఇరుగుపొరుగువారే. నగతా వార్డులోని మనో పేటలో స్థానికులూ అక్కడి కర్మాగార సిబ్బందీ కలిసి మంటలను అదుపు చేశారు. ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన అలవాటు ఆ ఉదయం వారికి అక్కరకొచ్చింది.

ఇండోనేషియాలో జరిగింది వేరు. 1945లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాక జపాన్ పేర్లు పోయాయి, చట్రం మిగిలింది. జట్టు ‘రుకున్ తెతంగా’ అయింది, వాడుకలో ఎర్తే. కొన్ని ఎర్తేలు కలిసి ఒక రుకున్ కంపుంగ్. 1983లో హోంశాఖ నిబంధన దాన్ని ‘రుకున్ వర్గా’గా మార్చింది. ఒక్కో ఎర్తేలో పల్లెల్లో 30, పట్టణాల్లో 50 కుటుంబాలకు మించకూడదన్నది ఆ నియమం. పెద్దను నివాసులే ఎన్నుకుంటారు. అయినా అధ్యక్షుడు సుహార్తో పాలనలో ఈ మెట్టు పూర్తిగా రాజ్యానిదే. గుర్తింపు కార్డుకైనా, పెళ్లి కాగితానికైనా ముందు ఎర్తే పెద్ద ఉత్తరం కావాల్సి వచ్చేది. బంధువు వచ్చి రాత్రి ఉంటే 24 గంటల్లో తెలియజేయాలన్న బోర్డు సందు మొదట్లోనే ఉండేది. 1965 తర్వాత కమ్యూనిస్టులన్న ఆరోపణపై ఖైదులో ఉండి విడుదలైనవారి కార్డు మీద ప్రత్యేక ముద్ర వేసేవారు. అలాంటి మనిషికి తన సందులోనే తల దాచుకునే చోటు ఉండేది కాదు.

అయితే అదే సందులో రాత్రి కాపలాకు మగవాళ్లు వంతులవారీగా ‘రోండా’ తిరుగుతారు. చావు వస్తే చందాలు పోగుచేసి, కుర్చీలు వేసి, వంట అందుకుంటారు. ఆడవాళ్లు ‘అరిసాన్’ నడుపుతారు. అది మన లాటరీ చీటీ లాంటిదే, వడ్డీ మాత్రం ఉండదు. ప్రభుత్వం పెట్టిన గూడులో జనం తమ బతుకును నింపుకున్నారు. అందుకే 1998లో సుహార్తో గద్దె దిగినా ఎర్తే పోలేదు.

పరిశోధకులు చూసినవి

రోనాల్డ్ డోర్ 1950ల తొలినాళ్ల టోక్యో పేటను వర్ణించారు. థియొడోర్ బెస్టర్ 1989 నాటి గ్రంథంలో మరో పేట గురించి రాస్తూ, అక్కడి ‘ప్రాచీన’ సంప్రదాయాల్లో చాలావాటిని దుకాణదారులు ఇటీవలే కూర్చుకున్నారని చూపారు. జాన్ బోవెన్ 1986లో ఇండోనేషియావారి ‘గోతోంగ్ రోయోంగ్’ (కలిసి పనిచేయడం) గురించి దాదాపు ఇదే తేల్చారు: పల్లెలో రకరకాలుగా ఉన్న సాయాలను ఒకే జాతీయ సుగుణంగా చూపించడం రాజకీయం చేసిన పని. స్వాతంత్ర్యోద్యమ నాయకుడు సుకర్నో 1945 జూన్ 1 నాటి ప్రసంగంలో దేశపు సారమంతా ఆ ఒక్క మాటలో ఉందన్నారు. బెస్టర్, బోవెన్ రచనలను పక్కపక్కన పెట్టి చదవాలి. జపానీయులు స్వభావరీత్యా క్రమశిక్షణ గలవారనీ, జావావారు పుట్టుకతోనే సామరస్యప్రియులనీ పాఠ్యపుస్తకాలు చెప్పే మాటలు ఆ చదువు ముందు నిలవవు. యోగ్యకర్త పేటల మీద పాట్రిక్ గిన్నెస్, జాన్ సల్లివాన్ రాసిన పుస్తకాల్లో ఆ సామరస్యం ఎంత శ్రమతో, ఎన్ని తగాదాల మధ్య నిలబడుతుందో తెలుస్తుంది.

ఆ శ్రమ ఎవరిదన్న ప్రశ్నకు ఇంకా చాలా పరిశోధన జరగాల్సి ఉంది. జపాన్‌లో సంఘాధ్యక్షుడు చాలావరకు వయసు మళ్లిన పురుషుడే. ఇంటింటికీ తిరిగి రుసుము వసూలు చేసేదీ, ఉత్సవానికి వండేదీ మహిళా విభాగం. ఇండోనేషియాలో గ్రామాధికారి భార్యే ఆ ఊరి కుటుంబ సంక్షేమ సంఘానికి, అంటే పెకాకాకు, నాయకురాలు. 1980ల నుంచి నెలకోసారి ‘పోస్యందు’ కేంద్రంలో ఐదేళ్లలోపు పిల్లలను తూచి, బరువు కార్డులో రాసి, తగ్గినవారి తల్లులకు చెప్పే పనిని అక్కడి పేటల మహిళలు జీతం లేకుండా చేస్తూ వస్తున్నారు.