స్థూలకాయమునకు శస్త్రచికిత్స



బరువు తగ్గుట వేఱు, తగ్గిన బరువు నిలుచుట వేఱు అని నేను మనవి చేయుచున్నాను. 1954లో అమెరికా వైద్యులు క్రెమెన్, లిన్నర్ ప్రభృతులు చిన్నప్రేవులో అధికభాగమును తప్పించి, అన్నమునకు దగ్గఱిత్రోవ కల్పించు విధానమును ప్రకటించిరి. రోగులు చిక్కిరి, కాని కాలక్రమమున పలువురికి కాలేయము చెడెను, మూత్రపిండములలో రాళ్లు పుట్టెను. ఆ విధానము విడువబడెను. 1966లో అయోవాలో మేసన్, ఇటో అనువారు జఠరమున చిన్నసంచిని వేఱుచేసి ప్రేవునకు కలిపిరి.

ఏది మేలు? స్వీడను దేశమున 1987లో మొదలైన పరిశీలన ఫలితములు 2007లో వెలువడెను. పదియేండ్లకు జఠరమునకు పట్టీ వేయించుకొన్నవారు నూటికి 14 పాళ్లు, నిలువుగా కుట్టి పట్టీ వేయించుకొన్నవారు 16, జఠరమును ప్రేవునకు కలిపించుకొన్నవారు 25 పాళ్లు తగ్గియుండిరి. తొలియేండ్లలో అందఱును ఇంతకంటె ఎక్కువ తగ్గినవారే! శస్త్రచికిత్స పొందినవారిలో మరణములును తక్కువ. పైరును మొలకలో గాక కళ్లమున కొలువవలెను గదా!