హనేడానా, నరిటానా: ఒక విభజన గీత కథ

టోక్యో టికెట్ కోసం ఈరోజు ఎవరు వెతికినా తెర మీద రెండు విమానాశ్రయాలు కనిపిస్తాయి. ఒకటి నగరం అంచున, సముద్రాన్ని పూడ్చిన నేల మీద ఉన్న హనేడా. రెండోది 60 కిలోమీటర్లకు పైగా దూరంలో, చిబా ప్రాంతపు పొలాల మధ్య ఉన్న నరిటా. ఛార్జీ ఎంత, దిగాక ఊళ్లోకి ఎంతసేపు, అర్ధరాత్రి దిగితే రైలు దొరుకుతుందా అని లెక్క చూసుకుని ప్రయాణికుడు ఏదో ఒకటి ఖాయం చేసుకుంటాడు. ఈ సౌకర్యం ఎప్పటినుంచో ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ 1978 నుంచి 2010 దాకా, లండన్‌కో న్యూయార్క్‌కో వెళ్లేవాడికి టోక్యోలో ఆ ఎంపిక లేదు. దేశం లోపల తిరిగే విమానాలకు హనేడా, విదేశాలకు వెళ్లేవాటికి నరిటా అని ప్రభుత్వం గీత గీసింది. ఆ గీత చివరికి చెరిగిపోయింది. దానికి కారణం నరిటా దూరమని, రైతుల పోరాటమని మామూలుగా చెబుతారు. రెండూ నిజమే, కానీ అసలు కారణం మరొకటి. దూరదేశాల విమానం దగ్గరి ఊళ్ల విమానాల మీద ఆధారపడి బతుకుతుంది. ఈ రెండింటినీ ప్రభుత్వ ఉత్తర్వుతో విడదీస్తే, ఆ ఉత్తర్వు ఎక్కువకాలం నిలవదు.

గీత గీసినవాళ్లు తెలివితక్కువవాళ్లేమీ కాదు. హనేడా 1931లో చిన్న విమానాశ్రయంగా మొదలైంది. 1945లో అమెరికన్ సేనలు దాన్ని స్వాధీనం చేసుకుని, పెద్దది చేయడానికి చుట్టూ ఉన్న జనాన్ని రెండు రోజుల గడువుతో ఖాళీ చేయించాయి. 1952 తర్వాత అది మళ్లీ జపాన్ చేతికి వచ్చింది. 1964 ఒలింపిక్స్ నాటికి నగరం నుంచి మోనోరైలు వేశారు. కానీ అప్పటికే జెట్ విమానాల యుగం మొదలైంది. వాటికి పొడవైన రన్‌వేలు కావాలి, వాటి చప్పుడు చుట్టుపక్కలవాళ్లు భరించలేనిది. ఒకపక్క నగరం, మరోపక్క ఓడలు తిరిగే అఖాతం, పడమటి ఆకాశంలో అమెరికన్ సైన్యం అధీనంలోని యోకోటా గగనతలం. లోతైన బురద సముద్రాన్ని పూడ్చి రన్‌వే వేయడం ఆనాటి ఇంజినీర్లకు మోయలేని ఖర్చు. అందుకని కొత్త చోటు వెతికారు. ముందు తోమిసాతో అనే ఊరిని అనుకున్నారు. అక్కడ ఎదురుతిరిగారు. 1966 జులైలో మంత్రివర్గం నరిటాలోని సన్రిజుకాను ఖాయం చేసింది. అక్కడ రాజవంశపు పశువుల క్షేత్రం ఉంది కాబట్టి కొనవలసిన భూమి తక్కువ అన్నది ధీమా. మిగతా భూమిలో యుద్ధం తర్వాత అడవి కొట్టి సాగులోకి తెచ్చుకున్న రైతులున్నారు. వాళ్లను ఎవరూ ముందుగా అడగలేదు.

అడగకపోవడానికి చెల్లించిన మూల్యం పెద్దది. తోమురా ఇస్సాకు నాయకత్వంలో రైతుల సంఘం పుట్టింది, విద్యార్థి దళాలు తోడయ్యాయి. 1971లో భూములను బలవంతంగా లాక్కునే సమయంలో జరిగిన ఘర్షణల్లో ముగ్గురు పోలీసులు చనిపోయారు. 1978 మార్చి 30న ప్రారంభం అనుకుంటే, నాలుగు రోజుల ముందు కొందరు మురుగు సొరంగం గుండా లోపలికి చేరి, కంట్రోల్ టవర్ ఎక్కి పరికరాలు పగలగొట్టారు. చివరికి మే 20న, ఒకే ఒక్క రన్‌వేతో విమానాశ్రయం తెరుచుకుంది. ఆనాటి ప్రయాణికుడి అవస్థ చూస్తే ఈ పథకం ఎంత అరకొరగా నిలబడిందో అర్థమవుతుంది. బులెట్ రైలు వస్తుందన్న నమ్మకంతో టెర్మినల్ కింద స్టేషన్ కట్టి ఉంచారు, ఆ రైలు రానే లేదు. కేసెయ్ అనే సంస్థ రైలు దిగినవాళ్లు కొంత దూరంలో ఉన్న వేరే స్టేషన్ నుంచి పెట్టెలు మోసుకుంటూ బస్సెక్కి టెర్మినల్ చేరాలి. గేటు దగ్గర పోలీసులకు పాస్‌పోర్టు చూపించాలి. ఆ తనిఖీ 2015 దాకా సాగింది. టెర్మినల్ కింది స్టేషన్‌కు రైలు వచ్చింది 1991లో, అంటే పదమూడేళ్ల తర్వాత.

ఇవన్నీ కాలక్రమంలో సర్దుకునే ఇబ్బందులే. సర్దుకోనిది మరొకటి ఉంది. దూరదేశానికి వెళ్లే పెద్ద విమానం గొలుసుకట్టు చెరువులాంటిది, పైనున్న చెరువుల అలుగు పారితేనే అది నిండుతుంది. మూడు నాలుగు వందల సీట్లను రోజూ ఒక్క నగరం జనంతోనే నింపడం టోక్యోకైనా కష్టమే. సప్పోరో నుంచి, ఫుకుఒకా నుంచి, హిరోషిమా నుంచి వచ్చి కలిసేవాళ్లు కావాలి. కానీ గీత వల్ల జరిగిందేమిటంటే, సప్పోరో నుంచి లండన్ వెళ్లేవాడు హనేడాలో దిగి, సామాను తీసుకుని, బస్సెక్కి, నగరాన్ని దాటుకుంటూ 70 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, నరిటాలో మళ్లీ చెక్‌ఇన్ చేయాలి. ఈలోగా 2001లో దక్షిణ కొరియా ఇంచియాన్ విమానాశ్రయం తెరిచింది. జపాన్‌లోని అనేక చిన్న నగరాల నుంచి కొరియన్ సంస్థలు నేరుగా అక్కడికి విమానాలు నడిపాయి. దిగినచోటే గేటు మారి యూరప్ విమానం ఎక్కవచ్చు. అలా సొంత దేశపు ప్రయాణికులే పొరుగు దేశపు విమానాశ్రయాన్ని నింపసాగారు.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. నరిటాకు 2002 దాకా ఒకే రన్‌వే, అప్పట్లో రాత్రి 11 తర్వాత మూత. లోపం ఇరుకుతనానిదే తప్ప విభజనది కాదు, భూమి దొరికి ఉంటే నరిటా రాణించేది అని కొందరి వాదన. ఈ వాదనను తేల్చడానికి భూమి కావలసినంత దొరికిన నగరం ఒకటి ఉంది: కెనడాలోని మాంట్రియల్. అక్కడ ప్రభుత్వం 1969లో మిరబెల్ అనే కొత్త విమానాశ్రయం కోసం దాదాపు 97 వేల ఎకరాలు సేకరించింది. శంషాబాద్ విమానాశ్రయం భూమి సుమారు 5,500 ఎకరాలే. 1975లో మిరబెల్ తెరిచి, విదేశీ విమానాలన్నీ అక్కడికి పంపారు. దేశీయ విమానాలను, అమెరికా విమానాలను నగరానికి దగ్గరగా ఉన్న పాత డోర్వాల్‌లోనే ఉంచారు. రన్‌వేలకు కొదవ లేదు, రైతుల నుంచి ముట్టడి లేదు. అయినా ఎదగలేదు. ఒట్టావా నుంచో హాలిఫాక్స్ నుంచో పారిస్ వెళ్లేవాడు మాంట్రియల్‌లో విమానాశ్రయం మారడం కన్నా టొరంటోలో విమానం మారడమే మేలనుకున్నాడు. 1997లో విదేశీ విమానాలు డోర్వాల్‌కు తిరిగి వచ్చాయి. 2004లో మిరబెల్ నుంచి చివరి ప్రయాణికుల విమానం లేచింది. తర్వాత పదేళ్లకు టెర్మినల్‌నే కూల్చివేయడం మొదలైంది.

మాంట్రియల్ పతనానికి వేరే కారణాలున్నాయని కూడా అంటారు. వ్యాపారం టొరంటోకు తరలింది, మాంట్రియల్ ఉన్న క్యూబెక్ రాష్ట్రపు వేర్పాటు రాజకీయాలు పెట్టుబడులను భయపెట్టాయి, దూరం ఎగరగల కొత్త విమానాలకు మాంట్రియల్‌లో ఆగే అవసరం తీరిపోయింది. ఇవి కాదనలేనివే. కానీ అవేవీ టోక్యోకు వర్తించవు. జపాన్‌లో దానికి సాటి వచ్చే నగరం లేదు, ఆర్థికంగా 1980లు దాని వైభవ దశాబ్దం. ఒకచోట భూమి పుష్కలం, నగరం క్షీణం. మరోచోట నగరం మహా బలం, భూమి కరువు. పరిస్థితులు ఇంత వ్యతిరేకంగా ఉన్నా ఫలితం ఒకటే అయినప్పుడు, రెండుచోట్లా ఉమ్మడిగా ఉన్నది విభజన గీత ఒక్కటే.

నరిటాలో బాగా లాభపడినవాళ్లను గమనించినా ఇదే తేలుతుంది. అమెరికాకు చెందిన నార్త్‌వెస్ట్ సంస్థకు టోక్యో మీదుగా ఆసియా నగరాలకు వెళ్లే హక్కులు ఉండేవి. అమెరికా నుంచి వచ్చే విమానాలను నరిటాలో దించి, అక్కడి నుంచి మనీలా, సింగపూర్ వంటి నగరాలకు పంపేది. అంటే కలిసే విమానాలను తనే ఏర్పాటు చేసుకుంది, కాబట్టి నిలిచింది. ఆ సంస్థను కలుపుకున్న డెల్టాకు 2020లో హనేడాలో తగినన్ని వేళలు (విమానాలు దిగడానికి, లేవడానికి కేటాయించే సమయాలు) దొరకగానే, నరిటా నుంచి పూర్తిగా తరలిపోయింది. అప్పటికి నరిటాలో రెండు రన్‌వేలు, నగరానికి వేగంగా చేర్చే రైళ్లు ఉన్నాయి. లండన్‌లోనూ అంతే. అమెరికా, బ్రిటన్‌ల మధ్య 1977లో కుదిరిన బెర్ముడా ఒప్పందం అమెరికన్ సంస్థల్లో రెండింటికే హీత్రోను పరిమితం చేసింది, మిగతావి గాట్విక్‌తో సరిపెట్టుకున్నాయి. 2008లో ఆ కట్టు తెగగానే కాంటినెంటల్ సంస్థ హీత్రోలో రోజుకు నాలుగు జతల వేళల కోసం 209 మిలియన్ డాలర్లు పోసింది. గాట్విక్ కూడా అదే నగరానిది, అక్కడి నుంచి కూడా రైలుంది. అయినా అంత సొమ్ము పెట్టారంటే కొన్నది రన్‌వేను కాదు, హీత్రోలో కలిసే విమానాలనూ వ్యాపార ప్రయాణికులనూ.

టోక్యోలో గీత ఒక్కసారిగా చెరిగిపోలేదు. అసలు మొదటి నుంచే దానికి మినహాయింపు ఉంది. బీజింగ్ విమానాలతో ఒకేచోట ఉండకుండా తైవాన్‌కు చెందిన చైనా ఎయిర్‌లైన్స్‌ను 2002 దాకా హనేడాలోనే ఉంచారు. 2003లో సియోల్ గింపోకు విమానాలు మొదలయ్యాయి. 2009 అక్టోబర్‌లో రవాణా మంత్రి మాయెహారా సేయిజి, హనేడాను రాత్రింబవళ్లు పనిచేసే అంతర్జాతీయ కేంద్రంగా చేస్తామని ప్రకటించగానే చిబా గవర్నర్ మండిపడ్డారు. మరుసటి ఏడు అక్టోబర్‌లో నాలుగో రన్‌వే, కొత్త అంతర్జాతీయ టెర్మినల్ తెరుచుకున్నాయి. మొదట దూరపు విమానాలకు రాత్రి, తెల్లవారుజాము వేళలే ఇచ్చారు. 2014లో యూరప్‌కు పగటి వేళలు, 2016లో అమెరికాకు పగటి వేళలు, 2020 మార్చిలో మరికొన్ని. నరిటాకు నష్టం కలగకూడదని ఒక్కో తలుపూ జాగ్రత్తగా తీశారు. తీసిన ప్రతి తలుపు గుండా విమాన సంస్థలు తోసుకుంటూ వచ్చాయి.

ఇక్కడ న్యాయానికి సంబంధించిన ప్రశ్న వస్తుంది. జనావాసం మీద చప్పుడు పడకూడదనే కదా నరిటా కట్టారు, ఆ చప్పుడును నగరానికి తిరిగి తేవడం తప్పు కాదా? 2020లో పెంచిన వేళల కోసం, దక్షిణపు గాలి వీచే రోజుల్లో మధ్యాహ్నం పూట టోక్యో నడిబొడ్డు మీదుగా విమానాలు దిగే దారి తెరిచారు, దాని మీద నగరవాసులు ఆందోళన చేశారు. ఆందోళన న్యాయమైనదే. కానీ 1966లో చప్పుడు మాయం కాలేదు. వేగంగా వెళ్లాలనుకునేవాళ్ల ఇంటి మీద నుంచి విమానం ఎక్కని రైతు ఇంటి మీదకు మారిందంతే. ప్రభుత్వం ఆ సంగతి ఆలస్యంగానైనా గుర్తించి, 1990లలో బలవంతపు సేకరణను వదులుకుంది, 1995లో ప్రధాని మురయామా క్షమాపణ చెప్పారు. నరిటా వృథా పోలేదు కూడా. చౌక ఛార్జీల విమాన సంస్థలు, సరుకు రవాణా దాన్ని నిలబెట్టాయి. విలువలో చూస్తే జపాన్ విదేశీ వాణిజ్యానికి అది అగ్రశ్రేణి ద్వారం. గమనిస్తే, ఈ రెండు పనులకూ లోపలి ఊళ్ల నుంచి వచ్చి కలిసే ప్రయాణికుల అవసరం తక్కువ. తనకు తగిన పని దొరికాక నరిటా బతికింది.

తెలుగువాళ్లకు ఇది పరాయి కథ కాదు. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచినప్పుడు బేగంపేటను కూడా ఉంచాలని, కనీసం దేశీయ విమానాలైనా అక్కడి నుంచి నడపాలని గట్టిగా అడిగారు. విమానాశ్రయ ఉద్యోగులు సమ్మె చేశారు. ఒప్పందం ప్రకారం 150 కిలోమీటర్ల లోపల మరో విమానాశ్రయం కూడదు, కాబట్టి అన్నీ ఒక్కసారే తరలిపోయాయి. దీనివల్ల గుత్తాధిపత్యం వచ్చిందని, అభివృద్ధి రుసుముల భారం పడిందని విమర్శించినవాళ్ల మాటలో బలముంది. గుత్తాధిపత్యాన్ని నియంత్రణతో కొంతవరకైనా అదుపు చేయవచ్చు. కానీ బేగంపేటను దేశీయ విమానాలకు ఉంచి ఉంటే, విశాఖ నుంచి, తిరుపతి నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాడు హైదరాబాద్ ట్రాఫిక్‌లో పెట్టెలతో ఊరు దాటవలసి వచ్చేది. రెండు విమానాశ్రయాలు ఎప్పుడూ చెడ్డవని కాదు. న్యూజెర్సీలో ఉండే తెలుగు కుటుంబం నెవార్క్‌కో జేఎఫ్‌కేకో టికెట్ కొంటుంది. రెండింటిలోనూ దేశీయ విమానాలూ విదేశీ విమానాలూ ఉన్నాయి కాబట్టి అది నిజమైన ఎంపిక.

ముంబై, ఢిల్లీ నగరాలకూ రెండో విమానాశ్రయాల కాలం వచ్చింది. ఏ విమానం ఎక్కడికి అన్న ప్రశ్న అక్కడా వస్తుంది, దేశీయం ఒకచోట, విదేశీయం మరోచోట అన్న సులువైన జవాబు కాగితం మీద అందంగా కనిపిస్తుంది. టోక్యో ఆ జవాబు కోసం ముప్పై ఏళ్లు పోగొట్టుకుంది, మాంట్రియల్ విమానాశ్రయాన్నే పోగొట్టుకుంది. విడదీయక తప్పకపోతే సంస్థల వారీగా విడదీయాలి. ఒక సంస్థ దగ్గరి విమానాలూ దూరపు విమానాలూ ఒకే కప్పు కింద ఉంటే, దూరం ఎంతైనా ప్రయాణికుడు అక్కడికి చేరుకుంటాడు. లేకపోతే దుబాయ్‌కో దోహాకో వెళ్లి విమానం మారతాడు.