పాతబస్తీ వర్తకము (హైదరాబాదు)

హైదరాబాదు పాతబస్తీకి పేరు తెచ్చిన సరకులలో ముఖ్యమైన వానికి ముడిపదార్థము అచ్చట పుట్టినది కాదు. సముద్రమునకు బహుదూరమున నున్న యీ పట్టణము ముత్యములకు ప్రసిద్ధి కెక్కెను. ఎచ్చటి యడవులలోనో చెట్లకొమ్మలపై పురుగులు స్రవించిన లక్క యిచ్చట గాజుగా మాఱెను. పట్టణము సమకూర్చినది పనితనమును, దానికి వెలగట్టగల రసికతయును.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినారును నిర్మించి, దానినుండి నాలుగు దిక్కులకు రాజవీథులు తీర్పించెను. గోల్కొండ వజ్రముల బేరములు ముఖ్యముగా కార్వాను పేటలో సాగెడివి. పదునేడవ శతాబ్దిలో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే యీ సీమకు వచ్చుటకు ఆ వజ్రములే కారణము. అసఫ్‌జాహీ నిజాముల కాలమున వారి యాదరమువలన బస్రా ముత్యముల వర్తకము వర్ధిల్లెను. వన్నెను, గుండ్రదనమును, పరిమాణమును బట్టి ముత్యముల నేరి, పగులనీయక తొలిచి, పట్టుదారమున సరములు గ్రుచ్చుటయే యిచ్చటి విద్య. 1908 నాటి మూసీ వఱద పిమ్మట, 1912లో నేర్పడిన నగరాభివృద్ధి మండలి పత్థర్‌గట్టి వీథిని రాతి కమానులతో తీర్చిదిద్దగా, ముత్యాల యంగళ్లకు అది స్థిరనివాస మయ్యెను. నేడచ్చట అమ్ముడగునవి మిక్కిలిగా చైనాలో పెంచిన ముత్యములు.

చార్మినారునకు పడమట లక్క గాజులకు నెలవైన లాడ్‌బజారు కలదు. బొగ్గుల కుంపటిపై లక్కను మెత్తబఱచి, రంగు కలిపి, పలకపై దొర్లించి సన్నని కడ్డీగా సాగదీసి, వలయముగా వంచి, అది చల్లాఱక మునుపే అద్దపు తునకలను, రాళ్లను ఒక్కొక్కటిగా పొదుగుదురు. క్షణ మాలస్యమైనచో రాయి నిలువదు. తొందరపడినచో వరుస చెడును. ఈ పొదుగుడు పని పెక్కు ఇండ్లలో స్త్రీలదే. పెండ్లికూతునకు గాజుల జోడా కొనుటకు దూరప్రాంతములనుండి వచ్చువారికి తళుకే కనబడును గాని, కుంపటి సెగకు కమలిన వ్రేళ్లు కనబడవు.

తక్కిన వానిలో పురానీ హవేలీ చెంత 1851లో వెలసినదని చెప్పబడు మున్షీ నాన్ దుకాణపు చతురస్రపు రొట్టెయు, నగరమున 1920లో పుట్టి యింటింట నిలిచిన యూనానీ మందు జిందా తిలిస్మాత్తును పేర్కొనదగినవి.

హైదరాబాదు హలీమునకు 2010లోనే భౌగోళిక గుర్తింపు దక్కగా, లక్క గాజులకది 2024లో గాని లభింపలేదు.