పసుపు రంగు 3206, పసుపు కొమ్ము 0910

2007 జనవరి. హైదరాబాదులో ఓ షిప్పింగు సాఫ్ట్‌వేరు ప్రాజెక్టులో ఉన్నా. కొత్త సంవత్సరం మొదటి వారంలోనే ఓ బగ్ నెత్తిన పడింది. 3206.30 అనే కోడుతో వచ్చిన సరుకుని మా సిస్టం తీసుకోనంటోంది. తీరా చూస్తే ఆ కోడే లేదు. డిసెంబరు 31 దాకా ఉంది, జనవరి 1న మాయం. కస్టమ్స్ కోడంటే బ్రహ్మరాత, ఇక మారదని నమ్మి దాన్నే ప్రైమరీ కీ చేసిన మహానుభావుణ్ణి నేనే! ఆ రాత్రి టేబుల్ సరిచేస్తూ చూశాను కదా, 3206 కింద 11, 19, 20 ఉన్నాయి. ఆ తర్వాత ఒకటే గెంతు, 41, 42. మళ్ళీ 43 లేదు, 49, 50. పళ్ళూడిన నోరులా ఉంది.

ఊడిన పళ్ళలో 30 కాడ్మియం రంగులది, 43 ప్రష్యన్ నీలం జాతి రంగులది. వ్యాపారం తగ్గిపోయిందని రెంటినీ తీసుకెళ్ళి 49లో, అంటే 'ఇతరాలు' అనే గంపలో కలిపేశారు. 20 మాత్రం ఊడలేదు. అది క్రోమియం రంగులది. అదెందుకు మిగిలిందా అన్న కుతూహలం అప్పట్నుంచీ నన్ను వదల్లేదు.

1797లో పారిస్‌లో వోక్లాఁ అనే రసాయన శాస్త్రవేత్త సైబీరియా గనుల నుంచి వచ్చిన ఓ ఎర్ర ఖనిజంలో కొత్త లోహం కనిపెట్టాడు. దాని సమ్మేళనాలు రకరకాల రంగుల్లో ఉండేసరికి, గ్రీకులో రంగు అనే మాట మీద క్రోమియం అని పేరొచ్చింది. ఆ ఎర్ర ఖనిజం నిజానికి సీసపు క్రోమేటు. దాన్నే ఫ్యాక్టరీలో చేస్తే మెరిసిపోయే పసుపు. చవక, పైగా ఒక్క పూత వేస్తే అడుగున ఏముందో కనపడదు. వాన్ గోహ్ పొద్దుతిరుగుడు పూలు ఆ పసుపే. అమెరికాలో మనవాళ్ళ పిల్లలెక్కే స్కూలు బస్సు రంగుని 1939లో ఖాయం చేసినప్పుడు దాని పేరులోనే 'క్రోమ్' ఉండేది. తర్వాత రంగులోంచి సీసం పోయింది, పేరులోంచి క్రోమ్ పోయింది.

ఇంత సరుకు ఓడలెక్కుతుంటే ఎవరో ఒకరు లెక్క రాయాలి కదా. బ్రిటిషు వాళ్ళ కాలంలో మన ఓడరేవుల లెక్కల్లో ఇలాంటివన్నీ రంగులూ, పెయింటర్ల సామానూ అనే ఒకే మూటలో ఉండేవి. దేశానికో పట్టిక ఉంటే లాభం లేదని యూరపు వాళ్ళు బ్రస్సెల్స్‌లో కూర్చుని ఉమ్మడి పట్టిక రాసుకున్నారు, 1959లో అది అమల్లోకొచ్చింది. మనం 1975 కస్టమ్స్ టారిఫ్ చట్టంతో ఆ దారిలోకొచ్చాం. ఇప్పుడు వాడుతున్న హార్మొనైజ్డ్ సిస్టమ్ ప్రపంచానికి 1988లో మొదలైతే, మన కస్టమ్స్ దానికి 1986లోనే మారిపోయింది. (మనం ముందున్న అరుదైన సందర్భం, రాసిపెట్టుకోండి :-))

ఈ పట్టికలో నాకు నచ్చేదీ, చిరాకు పుట్టించేదీ ఒకటే. గుమ్మంలోకొచ్చిన క్షణానికి సరుకు ఏ రూపంలో ఉందన్నదే దానికి కావాలి. సీసపు క్రోమేటు ఒంటరిగా, విడి రసాయనంగా వస్తే 28వ అధ్యాయం. దానికి సీసపు సల్ఫేటు లాంటిది కలిపి రంగుపొడి చేస్తే 3206.20. ఆ పొడి పెయింటు డబ్బాలోకెక్కితే మామూలుగా 3208. బొమ్మలేసేవాళ్ళ ట్యూబులోకెళ్తే 3213. పసుపు అదే, చిరునామాలు నాలుగు.

ఇంకో సంగతి. క్రోమియం ఆక్సైడుకి మరోటి కలిపి చేసిన ఆకుపచ్చ రంగు కూడా 3206.20 లోనే. ఆకుపచ్చలోది పెద్దగా హాని చెయ్యని క్రోమియం. పసుపులో సీసం ఉంది, అది చాలదన్నట్టు కాన్సరు తెచ్చే రకం క్రోమియం ఉంది. పట్టిక దృష్టిలో ఇద్దరూ ఒకే ఇంటిపేరు వాళ్ళు. ఏ దేశానికి ఎంత సీసపు పసుపు వెళ్ళిందో ఆ ఆరంకెల కోడు చూసి చెప్పలేం. ఆ పట్టిక రాసింది సుంకానికీ లెక్కలకీ, విషాన్ని వెతకడానికి కాదు.

మాది బెంజ్ సర్కిల్ దగ్గర. చిన్నప్పుడు ఆటోనగర్లో లారీలకి పసుపు కొడుతుంటే గంటలు గంటలు నిలబడి చూసేవాణ్ణి, ఆ వాసనంటే మహా ఇష్టం. మన దేశంలో పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నియమం 2017 నవంబరులో అమల్లోకొచ్చింది. అదీ ఇంటి పెయింట్లకీ, అలంకరణ పెయింట్లకీ మాత్రమే. లారీ దాని కిందకి రాదు. యూరపులో 2015 మే తర్వాత అనుమతి లేకుండా సీసపు క్రోమేటు రంగులు వాడకూడదు. 2016లో ఓ కెనడా కంపెనీకి అనుమతిస్తే స్వీడన్ కోర్టుకెళ్ళింది, 2019లో ఆ అనుమతిని కొట్టేశారు.

సర్కిల్ నుంచి హైదరాబాదు రోడ్డు పడితే కొండపల్లి. బొమ్మల సంగతి అందరికీ తెలుసు గానీ ఆ కొండల్లో క్రోమైటు ఖనిజం ఉందని మా ఊళ్ళో ఎంతమందికి తెలుసు? ఉస్మానియాకి చెందిన సి. లీలానందం గారు ఆ రాళ్ళ మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. మన దేశపు క్రోమైటు దాదాపు అంతా ఒడిశాలోనే, కొండపల్లిది పిసరంత. దాని కోడు 2610.

అదే సర్కిల్ నుంచి ఇటు వారధి దాటి, మంగళగిరి మీదుగా తెనాలి రోడ్డెక్కితే దుగ్గిరాల. పసుపు మార్కెట్ యార్డు. ఎండు పసుపుకి కోడు 0910.30. ఈ రెండు కోడ్లూ కలిసే చోటు గురించే నా బెంగంతా.

బంగ్లాదేశ్‌లో 1980ల్లో వరదలకి పసుపు సరిగ్గా ఎండక రంగు తగ్గిపోతే, పాలిష్ చేసేటప్పుడు సీసపు క్రోమేటు చల్లడం మొదలైందట. స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 2019లో ఇది బయటపెట్టారు. అక్కడి ప్రభుత్వం గట్టిగా పట్టుకునేసరికి, మార్కెట్లో సీసం దొరికిన నమూనాలు 47 శాతం నుంచి 2021కి సున్నా అయ్యాయి. 2024లో వచ్చిన ఇంకో అధ్యయనంలో మన పాట్నా నమూనాల్లో కూడా ఎక్కువగా దొరికింది. దుగ్గిరాలలో ఇలా చేస్తారని నేననట్లేదు. కానీ మన ఆహార ప్రమాణాల్లో పసుపు పొడి కింద 'లెడ్ క్రోమేట్ పరీక్ష: నెగటివ్' అని ప్రత్యేకంగా ఓ లైను ఉంది. ఊరికే ఎవరూ అలాంటి లైను రాయరు.

ఓడ దిగేటప్పుడు అది 3206.20, దాని సుంకం దానికి కట్టేశారు. కొమ్ము మీద పడ్డాక దానికి వేరే కోడు లేదు, అది పసుపే, 0910.30. 2023లో అమెరికాలో పిల్లల ఆపిల్ పచ్చడి పౌచుల్లో సీసం దొరికినప్పుడూ ఇదే కథ. అది వచ్చిన దారి దాల్చినచెక్క పొడి.

మా చెల్లెలు న్యూజెర్సీలో ఉంటుంది. రెండేళ్ళ క్రితం వాళ్ళ చిన్నదానికి రక్తపరీక్షలో సీసం కొంచెం ఎక్కువొచ్చింది. నర్సు అడిగిన మొదటి ప్రశ్న, ఇంటి నుంచి తెచ్చుకున్న మసాలాలేమైనా వాడతారా అని. ఇంట్లో ఉన్న పొళ్ళన్నీ పారబోసింది. తర్వాతి పరీక్షల్లో తగ్గింది. కారణం పసుపేనని ఎవరూ తేల్చలేదు.

అప్పట్నుంచీ అమ్మ పొడి పంపట్లేదు. దుగ్గిరాల నుంచి పాలిష్ పట్టని కొమ్ములు తెప్పించి, కడిగి, ఎండబెట్టి కొమ్ములే పంపుతోంది. మొదటిసారి మూట విప్పి చూసి, "ఇదేం పసుపురా, మట్టి రంగులో ఉంది, చూసినవాళ్ళు ఏమనుకుంటారు" అంది.